పుట్టుక చెప్పే ప్రొటీన్లు, నడత చెప్పని ప్రొటీన్లు

1883లో జర్మనీలో పాల్ గ్రావిట్జ్ అనే పాథాలజిస్టు మూత్రపిండాల్లో కనిపించే ఒక రకం కణితులను పరిశీలించాడు. కోసి చూస్తే అవి లోపల పసుపు పచ్చగా, కొవ్వు పట్టి ఉన్నాయి. మూత్రపిండపు మామూలు కణజాలానికి ఆ రంగు లేదు. మూత్రపిండం నెత్తిన టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథి పైపొరకు మాత్రం ఆ రంగూ ఉంది, ఆ కొవ్వూ ఉంది. తల్లి కడుపులో శిశువు ఎదిగేటప్పుడు అడ్రినల్ ముక్కలు కొన్ని దారితప్పి మూత్రపిండంలో చిక్కుకుపోతాయనీ, ఈ కణితులు వాటి నుంచే పుడతాయనీ ఆయన నిర్ణయించాడు. అది గాలిలోంచి తీసిన ఊహ కాదు. అటువంటి అడ్రినల్ ముక్కలు కొందరి మూత్రపిండాల్లో నిజంగానే ఉంటాయి. కానీ మేనమామ పోలిక ఉన్నంతమాత్రాన ఎవరూ మేనమామ ఇంటి పిల్ల అయిపోరు. ఆ కణితులు అడ్రినల్‌కు చెందినవి కావు, అచ్చంగా మూత్రపిండానివే. ఈ సంగతి సందేహం లేకుండా తేలడానికి డెబ్బై ఏడేళ్లు పట్టింది. ఈలోగా ఆ పొరపాటు నుంచి పుట్టిన ‘హైపర్‌నెఫ్రోమా’ అన్న పేరు పాఠ్యపుస్తకాల్లో, ఆసుపత్రి కాగితాల్లో స్థిరపడిపోయింది.

మూత్రపిండంలో పుట్టిన కణితి ప్రాణం తీసేదా, పక్కన పడి ఉండేదా అన్న ప్రశ్న చరిత్ర ఇలా ఒక పోలిక దగ్గర మొదలవుతుంది. ఆ ప్రశ్నకు వైద్యులు తొలుత కంటిని, ఆ తర్వాత కొలబద్దను, ఇప్పుడు ప్రొటీన్లను సాక్ష్యం అడిగారు. సాక్షులు మారినప్పుడల్లా తెలిసింది పెరిగింది. అయితే ఏ సాక్షి ఏ సంగతి చెప్పగలదో, ఏది చెప్పలేదో గుర్తించడంలోనే అసలు కష్టమంతా ఉంది.

తీర్పు తప్పితే జరిగే నష్టం చిన్నది కాదు. 1869 ఆగస్టు 2న హైడెల్‌బర్గ్‌లో గుస్టావ్ సైమన్ అనే శస్త్రవైద్యుడు, ముందు కుక్కల మీద ప్రయోగాలు చేసి చూసుకొని, ఒక స్త్రీ మూత్రపిండాన్ని ఉద్దేశపూర్వకంగా తొలగించాడు. ఆమెకున్న జబ్బు క్యాన్సర్ కాదు. మూత్రనాళానికి ఏర్పడిన రంధ్రం. ఆమె బతికింది. ఒక్క మూత్రపిండంతో మనిషి బతకగలడని రుజువైంది. ఆ రుజువు ఎందరి ప్రాణాలనో నిలిపింది. దానితోపాటే ఒక అలవాటునూ తెచ్చింది: మూత్రపిండంలో గట్టి గడ్డ కనిపిస్తే తీసేయడం, అదేమిటో ఆ తర్వాత తెలుసుకోవడం. రెండోది ఉంది కదా అన్న ధైర్యం ఆ అలవాటుకు ఊతం. ఆ రెండోది మధుమేహంతోనో రక్తపోటుతోనో దెబ్బతిన్ననాడు, అనవసరంగా పోగొట్టుకున్న మొదటిదాని విలువ తెలుస్తుంది.

కణితి అసలు స్వభావం సూక్ష్మదర్శినిలో ఒక్కోసారి అంతుపట్టేది కాదు. అప్పుడు వైద్యులు కొలబద్ద పట్టుకున్నారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు పాథాలజిస్టు ఇ. టి. బెల్, మరణానంతర పరీక్షల్లో బయటపడిన మూత్రపిండపు కణితులను ఏళ్ల తరబడి పరిశీలించాడు. 3 సెంటీమీటర్లకు తక్కువైనవి ఇతర అవయవాలకు అరుదుగా పాకుతాయనీ, పెద్దవి తరచుగా పాకుతాయనీ గమనించాడు. అరుదుగా అన్నాడే గాని ఎన్నడూ పాకవని అనలేదు. అయినా ఆ గమనిక చేతులు మారేకొద్దీ గట్టిపడి సూత్రమైంది. 3 సెంటీమీటర్లలోపుది ‘అడినోమా’, అంటే నిరపాయమైనది, దాటితే క్యాన్సర్. ఒక మొక్క మోకాలెత్తు ఉంటే తులసి, నడుమెత్తు ఉంటే గంజాయి అన్నట్టుగా ఉంది ఈ తర్కం. ప్రతి పెద్ద క్యాన్సరూ ఒకప్పుడు చిన్నదే.

1971లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారు చేసిన యంత్రం మీద లండన్‌లో తొలి రోగి మెదడును స్కాన్ చేశారు. కొద్ది ఏళ్లలోనే సి.టి. స్కాన్ శరీరం మొత్తానికీ విస్తరించింది. అంతకుముందు మూత్రపిండపు క్యాన్సర్ బయటపడేదే ఆలస్యంగా: మూత్రంలో రక్తం, నడుములో నొప్పి, చేతికి తగిలే గడ్డ. సి.టి., అల్ట్రాసౌండ్ వచ్చాక పిత్తాశయంలో రాళ్ల కోసమో కడుపునొప్పి కోసమో తీసిన చిత్రాల్లో, ఏ బాధా పెట్టని రెండు మూడు సెంటీమీటర్ల కణితులు కనిపించసాగాయి. వాటిని తీసేయడమూ పెరిగింది. తీశాక తెలిసిందేమిటి? 2003లో మేయో క్లినిక్ వైద్యులు తాము శస్త్రచికిత్స చేసిన 2,770 మంది రోగుల కణితుల వివరాలు ప్రకటించారు. మొత్తం మీద దాదాపు 13 శాతం నిరపాయమైనవి. ఒక సెంటీమీటరు కన్నా చిన్నవాటిలో 46 శాతం, ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల మధ్యవాటిలో సుమారు ఐదింట ఒకటి అటువంటివే. అంటే చిన్న కణితి కోసం శస్త్రచికిత్స బల్ల ఎక్కిన ప్రతి ఐదుగురిలో ఒకరు తమకు లేని క్యాన్సర్ కోసం కోతకు గురయ్యారు. యంత్రం కణితిని చూపగలిగింది గాని, దాని గుణాన్ని చెప్పలేకపోయింది.

నిరపాయమైనవాటిలో ఒకటైన ఆంజియోమయోలిపోమాను, అందులో కొవ్వు ఉంటే, సి.టి.లోనే చాలావరకు గుర్తుపట్టవచ్చు. చిక్కంతా ఓంకోసైటోమా దగ్గర వస్తుంది. మూత్రపిండంలో దీన్ని 1942లో జిపెల్ మొదట వర్ణించాడు. 1976లో క్లైన్, వాలెన్సీ అనే ఇద్దరు 13 కేసులను ఒకచోట చేర్చి, ఇవి క్యాన్సర్‌లా ప్రవర్తించడం లేదని చూపించేదాకా దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. మైటోకాండ్రియాలతో కిక్కిరిసి, గులాబీ రంగులో నిండుగా కనిపించే కణాలు దీని గుర్తు. ఇంతలో హైడెల్‌బర్గ్‌లో పీటర్ బానష్ రసాయనాలతో ఎలుకల మూత్రపిండాల్లో పుట్టించిన కణితుల్లో ‘క్రోమోఫోబ్’ అనే కొత్త రకాన్ని 1974లో గుర్తించాడు. 1985లో మైన్జ్ నగరపు తోనెస్, ఆయన సహచరులు అదే రకం మనుషుల్లోనూ ఉందని చెప్పారు. అది క్యాన్సర్. దానిలో ఒక ఉపరకానికి కణాలు ఇంచుమించు ఓంకోసైటోమా కణాల్లాగే ఉంటాయి. రెండూ మూత్రపిండపు సేకరణ నాళికల్లోని ఒకే జాతి కణాల నుంచి పుడతాయని భావిస్తారు. కవలల్లో ఒకడు సాధువు, మరొకడు కాడు. 1985కు ముందు ‘ఓంకోసైటోమా పాకింది’ అని నమోదైన కేసుల్లో కొన్ని నిజానికి క్రోమోఫోబ్ క్యాన్సర్లే అయి ఉంటాయని తర్వాతివారు అనుకోవడానికి కారణం ఇదే.

గ్రావిట్జ్ పొరపాటును చివరికి తేల్చింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. 1960లో ఫ్రాన్సులో చార్లెస్ ఒబెర్లింగ్, ఆయన సహచరులు ఆ పసుపు కణితుల కణాలను దానికింద పెట్టి చూశారు. మూత్రపిండపు వడపోత గుత్తులను ఆనుకొని ఉండే సమీప నాళికల కణాలకు ఉండే సన్నని కుచ్చుల అంచు వీటికీ ఉంది. కణితి మూత్రపిండం బిడ్డేనని రుజువైంది. ఇక్కడ జరిగిన మార్పు గమనించదగింది. రంగు, పరిమాణం వంటి పై లక్షణాల నుంచి కణపు అంతర్నిర్మాణానికి సాక్ష్యం మారింది. ఆ నిర్మాణాన్ని కట్టేవి ప్రొటీన్లు. కాబట్టి తర్వాతి అడుగు వాటినే నేరుగా పలకరించడం.

ప్రొటీన్లను పలకరించే భాషను శరీరమే ఎప్పుడో కనిపెట్టింది: యాంటీబాడీలు. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. దానికి మెరిసే రంగు తగిలిస్తే కణజాలంలో ఆ ప్రొటీన్ ఎక్కడుందో కంటికి కనిపిస్తుందని 1941లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ చూపించాడు. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సెసార్ మిల్‌స్టైన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారు చేసే పద్ధతి కనిపెట్టారు. 1984లో నోబెల్ బహుమానం అందుకున్నారు. ఆ తర్వాత పాథాలజిస్టు పని మారిపోయింది. కణం ఎలా ఉందన్న ప్రశ్నకు, అది ఏ ప్రొటీన్లు తయారు చేస్తోందన్న ప్రశ్న తోడైంది. సైటోకెరటిన్ 7 అనే ప్రొటీన్ కోసం రంగు వేస్తే క్రోమోఫోబ్ క్యాన్సర్‌లో సాధారణంగా కణితి అంతా పరచుకుంటుంది. ఓంకోసైటోమాలో అక్కడొక కణం, ఇక్కడొక కణం మాత్రమే రంగు పట్టుతుంది. సి.డి. 117 అనే మరో ప్రొటీన్ రెండింటిలోనూ కనిపిస్తుంది. అందుచేత ఈ కవలలను ఇతర కణితుల నుంచి వేరు చేయడానికే అది పనికొస్తుంది గాని, ఒకరి నుంచి ఒకరిని వేరు చేయడానికి కాదు.

గ్రావిట్జ్ చూసిన పసుపు కణితికి, అంటే ఇప్పుడు ‘క్లియర్ సెల్’ క్యాన్సర్ అనేదానికి, సొంత గుర్తు 1986లో దొరికింది. నెదర్లాండ్స్‌లో ఎగ్బర్ట్ ఓస్టర్‌వైక్ బృందం జి 250 అనే యాంటీబాడీని తయారు చేసింది. అది ఆ క్యాన్సర్ కణాలకు అంటుకుంటుంది. మామూలు మూత్రపిండానికి అంటుకోదు. అది పట్టుకునేది కార్బానిక్ అన్‌హైడ్రేస్ 9 అనే ప్రొటీన్‌నని తర్వాత తెలిసింది. ఆ ప్రొటీన్ అక్కడ ఎందుకుందో తెలియడానికి మరో దారిలో సాగుతున్న కథ వచ్చి కలవవలసి వచ్చింది. కళ్లలో, మెదడులో, మూత్రపిండాల్లో కణితులు వచ్చే వాన్ హిప్పెల్ లిండౌ అనే వంశపారంపర్య వ్యాధికి కారణమైన జన్యువును 1993లో కనుగొన్నారు. వంశంలో ఆ వ్యాధి లేనివారికి వచ్చే క్లియర్ సెల్ క్యాన్సర్లలోనూ ఎక్కువ శాతం ఆ జన్యువే చెడి ఉంటుంది. అది పనిచేయకపోతే, చుట్టూ ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా కణం ఊపిరాడనట్టుగా ప్రవర్తిస్తుంది. కొత్త రక్తనాళాలను పిలుస్తుంది, కార్బానిక్ అన్‌హైడ్రేస్ 9ను తయారు చేసుకుంటుంది, కొవ్వును పోగు చేసుకుంటుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ విధానాన్ని విప్పిచెప్పినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది. గ్రావిట్జ్‌ను దారి తప్పించిన ఆ పసుపు కొవ్వు అడ్రినల్ వారసత్వం కాదు. ఊపిరాడుతూ ఉండగానే ఊపిరాడదనుకున్న కణం చేసిన పని.

ఒక్కో ప్రొటీన్‌ను పేరుపెట్టి పిలవడం కాక, కణజాలంలోనో మూత్రంలోనో ఉన్న వేలకొద్దీ ప్రొటీన్లను ఒకేసారి లెక్కించాలన్న ఆశ ఆ తర్వాతి తరానిది. జాన్ ఫెన్, కొయిచి తనాకా కనిపెట్టిన పద్ధతుల వల్ల ప్రొటీన్ల వంటి పెద్ద అణువులు విరిగిపోకుండా మాస్ స్పెక్ట్రోమీటరులో తూగసాగాయి. వారికి 2002లో నోబెల్ వచ్చింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. విషయం మూత్రపిండం కాదు, అండాశయపు క్యాన్సర్. కొన్ని చుక్కల రక్తంలోని ప్రొటీన్ల నమూనాను కంప్యూటరు చదివి దాదాపు తప్పు లేకుండా క్యాన్సర్‌ను గుర్తించిందని ఆ వ్యాసం చెప్పింది. ఎంతో సంచలనం కలిగింది. ఆ పరిశోధకులు తమ అంకెలను అందరికీ అందుబాటులో ఉంచారు. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ సంస్థ గణాంక శాస్త్రవేత్తలు కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్, వారి సహచరులు ఆ అంకెలను తిరిగి పరిశీలించారు. కనిపించిన తేడాల్లో కొన్ని క్యాన్సర్ వల్ల కాక, నమూనాలను యంత్రంలో పెట్టిన తీరు వల్ల వచ్చి ఉండవచ్చని తేల్చారు. కంప్యూటరు జబ్బును కాక, పరీక్ష జరిగిన తీరును గుర్తుపట్టిందన్నమాట. గ్రావిట్జ్ కన్ను కొవ్వును చూసి మోసపోయింది. నూటపందొమ్మిదేళ్ల తర్వాత యంత్రమూ ఒక పోలికనే చూసి మోసపోయింది. ప్రొటీన్ల పరిశోధనకు ఆ పాఠం మేలే చేసింది. నమూనాలను కలగలిపి పరీక్షించడం, మరో చోట, మరో బృందంతో సరిచూడడం అప్పటి నుంచి మరింత పట్టుదలతో అడిగే నియమాలయ్యాయి.

మూత్రంలోని ప్రొటీన్ క్యాన్సర్ కబురు తెస్తుందన్న ఆలోచన మాత్రం చాలా పాతది. 1845లో లండన్‌లో ఎముకల నొప్పులతో బాధపడుతున్న ఒక సరుకుల వ్యాపారి మూత్రాన్ని డాక్టర్ విలియం మాకింటైర్, రసాయన శాస్త్రం తెలిసిన హెన్రీ బెన్స్ జోన్స్‌కు పరీక్షకు పంపాడు. వేడిచేస్తే కరిగి, చల్లారితే మళ్లీ పేరుకునే వింత ప్రొటీన్ అందులో ఉంది. ఆ రోగి 1846 మొదటి రోజున చనిపోయాడు. ఎముకల మజ్జలో పుట్టే మైలోమా అనే క్యాన్సర్ జాడ అది. తొలి క్యాన్సర్ గుర్తుగా ఇప్పటికీ దానినే చెప్పుకుంటారు. ఎక్కడో ఎముకలో ఉన్న క్యాన్సర్ కబురును మోసిన మూత్రం, తన ఇంట్లోనే పుట్టిన క్యాన్సర్ గురించి చెప్పదా?

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమయా మోరిసీ, ఇవాన్ ఖరాష్, వారి సహచరులు 2010లో దీనికి ఒక సమాధానం ప్రకటించారు. క్లియర్ సెల్, పాపిలరీ రకాల మూత్రపిండపు క్యాన్సర్ ఉన్నవారి మూత్రంలో రెండు ప్రొటీన్లు ఎక్కువగా ఉన్నాయి. కణితిని తీసేశాక తగ్గిపోయాయి. మొదటిది ఆక్వాపోరిన్ 1. కణపు పొరల్లో నీటికి దారి ఇచ్చే ఈ ప్రొటీన్‌ను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. మూత్రపిండంలో అది ఉండే ముఖ్య స్థానాల్లో ఒకటి సమీప నాళిక. ఒబెర్లింగ్ 1960లో కణితికి పుట్టిల్లుగా చూపిన చోటే. రెండోది పెరిలిపిన్ 2. కణంలోని కొవ్వు బిందువులను చుట్టి ఉండే ప్రొటీన్ అది. గ్రావిట్జ్ కత్తికింద పసుపు పచ్చగా మెరిసిన కొవ్వు, తన తొడుగు రూపంలో మూత్రంలోకి వచ్చి కబురు చెప్పింది. అదే ఆధారం; ఒకప్పుడు తప్పు తీర్పుకు, ఇప్పుడు సరైన తీర్పుకు. మధ్యలో మారింది, ఆ కొవ్వు అక్కడ ఎందుకుందో తెలియడమే.

అయితే ఈ పరీక్ష ఆసుపత్రుల్లో రోజువారీ పరీక్ష కాలేదు. దాని పరిమితి కూడా దాని బలంలోనే ఉంది. క్రోమోఫోబ్ క్యాన్సర్ సమీప నాళికకు చెందింది కాదు. కనుక సమీప నాళికకు గుర్తయిన ప్రొటీన్ దాన్ని పట్టిస్తుందని ఆశించలేం. మూత్రంలో ఆ ప్రొటీన్లు తక్కువగా ఉన్నంతమాత్రాన కణితి నిరపాయమైనదనీ చెప్పలేం.

జి 250 కథలోనూ ఇదే మలుపు ఉంది. ఆ యాంటీబాడీకి మార్పులు చేసి తయారు చేసిన గిరెంటుక్సిమాబ్, శస్త్రచికిత్స తర్వాత క్యాన్సర్ తిరిగి రాకుండా కాపాడుతుందేమోనని పరీక్షిస్తే మందుగా ఓడిపోయింది. కానీ దానికి జిర్కోనియం 89 అనే రేడియోధార్మిక మూలకాన్ని తగిలించి పెట్ స్కాన్ తీస్తే చూపుడువేలుగా గెలిచింది. 2024లో ప్రచురితమైన జిర్కాన్ అధ్యయనంలో 284 మంది రోగుల ఫలితాలు చూశారు. క్లియర్ సెల్ క్యాన్సర్ ఉన్న ప్రతి వందమందిలో సుమారు 86 మందిని అది పట్టుకుంది. అది లేని ప్రతి వందమందిలో సుమారు 87 మందికి లేదని సరిగా చెప్పింది. కత్తి పెట్టకుండా, సూది గుచ్చి ముక్క తీయకుండా, ఒక ప్రొటీన్ ఆధారంగా ఇంత చెప్పగలగడం గ్రావిట్జ్ కాలానికి అద్భుతంగా తోచేది. కానీ ‘క్లియర్ సెల్ కాదు’ అన్న జవాబుకు ‘క్యాన్సర్ కాదు’ అని అర్థం లేదు. క్రోమోఫోబ్, పాపిలరీ రకాలూ క్యాన్సర్లే.

ఈ చరిత్ర అంతటా కనిపించేది ఒకటే. ప్రొటీన్ కణపు ఇంటిపేరు చెబుతుంది: అది ఏ నాళికలో పుట్టింది, ఏ జన్యువు చెడిపోయింది, ఏమి దాచుకుంటోంది. రోగికి కావలసింది మాత్రం ఆ కణం నడత: పాకుతుందా, పాకదా. చాలాసార్లు ఇంటిపేరును బట్టి నడతను ఊహించవచ్చు. అందుకే ఈ పరీక్షలకు విలువ. కానీ ఊహ ఊహే. సైటోకెరటిన్ 7 నియమం స్థిరపడిందనుకునేసరికి, ఆ ప్రొటీన్ కణితి అంతటా ఉండి, సి.డి. 117 లేకుండా, సాధువుగా ప్రవర్తించే మరో రకం 2019లో వర్ణనకెక్కింది. పాత నియమం ప్రకారం దాన్ని క్రోమోఫోబ్ అని పొరబడే అవకాశం ఉంది. 2022 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దానికి ఇటూ అటూ కాని కణితుల మధ్య చోటిచ్చింది. ఇక బెల్ కాలపు కొలబద్ద పూర్తిగా పోయిందా అంటే అదీ లేదు. పాపిలరీ అడినోమా అనే నిరపాయమైన కణితికి హద్దు అంతకుముందు 5 మిల్లీమీటర్లు. 2016లో దాన్ని 15 మిల్లీమీటర్లకు పెంచారు. ఇన్ని ప్రొటీన్ల నడుమ కొలబద్ద ఇంకా తన కుర్చీలోనే ఉంది.

ఈ సందిగ్ధాన్ని ఒప్పుకోవడం వల్ల వైద్యానికి ఒక మేలు జరిగింది. కనిపించిన ప్రతి చిన్న కణితినీ తీసేయాలన్న తొందర తగ్గింది. చిన్న కణితులు సగటున ఏడాదికి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతాయనీ, కనిపెట్టి చూస్తున్నంతకాలం వాటిలో పాకేవి బహు తక్కువనీ తెలిశాక, వయసు మీరినవారికీ ఇతర జబ్బులున్నవారికీ కాలానుగుణంగా స్కాన్ తీస్తూ వేచి ఉండడం గౌరవప్రదమైన మార్గమైంది. అవసరమైతే సూదితో ముక్క తీసి ప్రొటీన్లను అడుగుతారు. తీయవలసివస్తే కణితిని మాత్రం తీసి మూత్రపిండాన్ని మిగల్చడానికి చూస్తారు. ప్రొటీన్ చెప్పలేని నడతను కాలం చెబుతుందన్న నమ్మకం ఇందులో ఉంది. ఏమీ చేయకపోవడం కాదది, కనిపెట్టుకొని ఉండడం.

గ్రావిట్జ్ ఆ కొవ్వును చూసింది నిజమే, రంగును సరిగా వర్ణించిందీ నిజమే. చూసినదానికీ తీర్పుకూ మధ్య ఉండవలసిన ‘ఎందుకు’ ఒక్కటే ఆయనకు దొరకలేదు. ఇప్పుడు ఒక్క చెంచాడు మూత్రంలో వేల ప్రొటీన్లను లెక్కించే యంత్రాలు వచ్చాయి. ఫలానా ప్రొటీన్ ఎక్కువగా ఉందని అవి చెప్పినప్పుడల్లా, ఆ ప్రొటీన్ అక్కడ ఏం చేస్తోందో కూడా అడిగితే, ఒక మనిషి మూత్రపిండం అనవసరంగా పోకుండా మిగిలే అవకాశం ఉంది.